ముద్ద మింగని టీచరుగారు: మధ్యదశ డిమెన్షియాలో పంటి వైద్యం, ఒక కేస్ స్టడీ

కేసు

రోగి 78 ఏళ్ల మహిళ. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో 83 ఏళ్ల భర్తతో ఉంటున్నారు. పిల్లలిద్దరూ అమెరికాలో. పగలొక ఆయా, రాత్రొక ఆయా. డిమెన్షియా తెచ్చే జబ్బుల్లో ఒకటైన అల్జీమర్స్ అని తేలి ఐదేళ్లయింది. జ్ఞాపకశక్తినీ ఆలోచననీ కొలిచే ఎంఎంఎస్ఈ పరీక్షలో 30కి 12 వచ్చాయి, అంటే మధ్యదశ. షుగరు, బీపీ ఉన్నాయి. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాం.

భర్త మా పళ్ల క్లినిక్కి ఫోన్ చేసి చెప్పిన సమస్య ఒక్కటే: నోటి వాసన. పన్ను నొప్పి అన్న మాట ఎవరూ అనలేదు. వివరాలడిగితే మిగతావి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మూడు వారాలుగా అన్నం ముద్ద బుగ్గన దాచుకుంటున్నారు, కాసేపటికి ఉమ్మేస్తున్నారు. బ్రష్ చూస్తే చెయ్యి విసురుతున్నారు. సాయంత్రం ఐదు దాటితే అటూ ఇటూ తిరుగుతూ గొణుగుతారు, ఎవరైనా ముఖం తుడవబోతే కొడతారు. బరువు 51 కిలోల నుంచి 48కి దిగింది. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. రాత్రి వేసే క్వెటియాపిన్ (కల్లోలం అణచే మత్తు మందు) 25 మి.గ్రా. నుంచి 50కి పెరిగింది. దాంతో పగలు మగతగా పడి ఉంటున్నారే తప్ప తిండి మాత్రం పెరగలేదు.

అల్జీమర్స్ నెలల లెక్కన కదిలే జబ్బు. మనిషి తీరు రోజుల్లో మారిపోయిందంటే ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, మూత్రం ఆగడమో, కొత్త మందో, ఎక్కడో నొప్పో ఉండాలి. ఆ మార్పు తిండి దగ్గర, ముఖం దగ్గర కనిపిస్తే ముందు నోరు తెరిచి చూడాలి. మత్తు మందు డోసు పెంచే సంగతి ఆ తర్వాత.

నొప్పి ఉందని తేల్చిన తీరు

"నొప్పిగా ఉందా?" అని అడిగితే "ఏం లేదండీ, బాగానే ఉన్నాను" అన్నారు. ఈ దశలో ఈ జవాబు మీద ఏదీ ఆధారపడకూడదు. పలకరించినవాళ్లకి అలా చెప్పడం జీవితమంతా అలవాటైన మర్యాద, జ్ఞాపకం పోయినా ఆ మర్యాద మిగులుతుంది. అందుకే నొప్పిని మాటల్లో చెప్పలేని డిమెన్షియా రోగుల కోసం చేసిన పెయినాడ్ స్కేలు వాడాం. ఊపిరి తీరు, మూలుగు లేదా అరుపు, ముఖ కవళిక, ఒంటి బిగుతు, ఓదారిస్తే శాంతించడం అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 10. ఒక్కసారి చూసి వెయ్యకూడదు. ఖాళీగా కూర్చున్నప్పుడు, తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు విడివిడిగా వెయ్యమని పగటి ఆయాకి నేర్పించాం. ఖాళీగా ఉన్నప్పుడు 1, తినేటప్పుడు 6, బ్రష్ దగ్గర 7 వచ్చింది. ఈ తేడాయే మనకి కావలసిన సమాచారం. మొత్తంగా ఆందోళన ఉన్న మనిషికి అన్ని వేళలా స్కోరు ఎక్కువే వస్తుంది.

రెండో ఆధారం కంచంలో దొరికింది. మింగడమే మర్చిపోయిన మనిషికి అన్ని పదార్థాలతోనూ ఇబ్బంది వస్తుంది. ఈమె చల్లటి పెరుగన్నం మెత్తగా కలిపి పెడితే మింగుతున్నారు. వేడి చారన్నం, కారం తగిలే గోంగూర పచ్చడి, నమలాల్సిన చపాతీ మాత్రం ఉమ్మేస్తున్నారు. తల ఎడమకి వంచి నములుతున్నారు. ఈ మూడూ కలిస్తే కుడివైపు వేడికీ, ఒత్తిడికీ నొప్పి పుడుతోందన్న మాట.

మూడోది మందుతో పరీక్ష. పారాసిటమాల్ 650 మి.గ్రా. ఎనిమిది గంటలకొకటి, నొప్పి ఉన్నా లేకున్నా టైము ప్రకారం, రెండు రోజులు వేశారు. "అడిగితే ఇవ్వండి" అని రాస్తే ఈ రోగులకి ఆ మాత్ర ఎప్పటికీ అందదు, వాళ్లు అడగరు. రెండో రోజు మధ్యాహ్నానికి సగం భోజనం చేశారు, ముఖం కడగనిచ్చారు. నొప్పి ఖాయమైంది.

మందుల చీటీ

నోరు చూసేముందు చీటీ చదవాలి. పొడి నోటికీ, రక్తస్రావానికీ, మందుల మధ్య గొడవలకీ కారణాలు అందులోనే ఉంటాయి. ఈమెకి అల్జీమర్స్‌కి డోనెపెజిల్ 10, మెమాంటిన్ 10 రెండు పూటలా, క్వెటియాపిన్ 50, బీపీకి ఆమ్లోడిపిన్ 5, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ 75, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (మెల్లగా విడుదలయ్యే రకం) 500, గ్లిమెపిరైడ్ 1, మూత్రం ఆపుకోలేకపోతున్నారని సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. రాసి ఉన్నాయి.

సోలిఫెనాసిన్ దగ్గర ఆగాలి. డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకానికి పనికొచ్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నిలవడానికి ఇచ్చే మందు. సోలిఫెనాసిన్ అదే ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. ఒకే మనిషికి ఒకటి ఎక్కించేది, ఒకటి దించేది. మధ్యలో ఎండిపోయేది నోరు. తరచూ జరిగే విషయం ఇది, ఎందుకంటే డోనెపెజిల్ వల్లే కొందరికి మూత్రం తొందర పెరుగుతుంది, దానికి ఇంకో స్పెషలిస్టు ఇంకో మందు రాస్తారు. ఫిజీషియన్‌కి ఉత్తరం రాస్తే సోలిఫెనాసిన్ ఆపి, మూత్రం తొందరకే వాడే, ఎసిటైల్‌కోలిన్ జోలికి పోని మిరాబెగ్రాన్ 25 మి.గ్రా.కి మార్చారు. పళ్ల డాక్టరు తనంతట తాను ఏ మందూ ఆపకూడదు, రాసి అడగాలి.

ఆస్పిరిన్ ఆపలేదు. ఒక పన్ను తీయడానికి దాన్ని ఆపితే వచ్చే గుండె ప్రమాదం పంటి దగ్గర కారే రక్తం కంటే పెద్దది. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మందు గురించి మాత్రం రెండు రకాలుగా అడగాలి. వారానికో మాత్ర వేస్తారా అని ఒకసారి, ఏడాదికొకసారి సెలైన్‌లో కలిపి ఎక్కించే ఇంజెక్షన్ ఎప్పుడైనా చేశారా అని ఇంకోసారి. ఆ రెండోది మందుల చీటీలో ఉండదు, ఇంట్లోవాళ్లకీ గుర్తుండదు. అలాంటి మందు వాడి ఉంటే పన్ను తీశాక దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంటుంది, ప్లాన్ మొత్తం మారుతుంది. ఈమెకి వాడలేదు.

పరీక్ష

మొదటి పరీక్ష ఇంట్లోనే, ఉదయం పదింటికి, టిఫిన్ అయి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక పెట్టాం. సాయంత్రాలు ఈ రోగుల్ని కదిలించకూడదు. కొత్తపేట ఆసుపత్రుల రద్దీలో గంటసేపు కుర్చీలో కూర్చోబెట్టాక కుదురుగా నోరు తెరుస్తారని ఆశించడం కూడా అనవసరం.

మాస్కు లేకుండా ఎదురుగా, ఆమె కళ్ల ఎత్తుకి కూర్చుని, ముఖం చూపించి, పలకరించి, తర్వాత మాస్కు పెట్టుకోవాలి. ముందే మాస్కుతో వెళ్తే ముఖం లేని మనిషి మీదికొచ్చినట్టుంటుంది. "టీచరుగారూ, నమస్కారమండీ" అన్న పిలుపుకి తలెత్తి చూశారు. "అమ్మమ్మా", "బుజ్జమ్మా" అని ఆయాలు పిలిస్తే పలకడం లేదు. బతుకంతా మోసిన హోదా పేరు కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు సాగదీసి మాట్లాడితే ఎదురుతిరగడం ఎక్కువవుతుంది.

స్పర్శ భుజం దగ్గర మొదలై, మోచెయ్యి, అరచెయ్యి, బుగ్గ మీదుగా చివరికి పెదవికి చేరాలి. నేరుగా నోటి దగ్గర చెయ్యి పెడితే దవడ బిగుస్తుంది. అక్కడి నుంచి బలవంతం చేస్తే ఆ పూట పని పోయినట్టే. తలకి కట్టుకునే లైటు, ప్లాస్టిక్ మౌత్ మిర్రర్ చాలు. గదిలో నిలువుటద్దం ఉంటే దుప్పటి కప్పాలి, అందులో కనబడే ముసలావిడ ఎవరో తెలియక కంగారుపడతారు.

ఏ పన్ను అన్నది తేల్చడానికి చల్లటిది తాకించి చూసే పరీక్ష పనికిరాదు, జవాబు నమ్మలేం. దూది చుట్టను రెండేసి పళ్ల మధ్య ఒక్కో చోటా పెట్టి కొరకమని, కళ్లు గమనించాలి. కుడి కింద రెండో ప్రీమోలార్ (కోరపన్నుకీ దవడ పళ్లకీ మధ్య ఉండే పన్ను) మీద కొరకగానే రెప్పలు టపటపలాడాయి, చెయ్యి పైకి లేచింది. నోట్లో కనిపించినవి ఇవి. ఆ పన్ను విరిగి వేరు మాత్రమే మిగిలింది, కదులుతోంది, చిగురు మీద చీము కారే చిన్న రంధ్రం ఉంది. 19 పళ్లు మిగిలితే ఏడింటికి చిగురు అంచున వేళ్లు పుచ్చాయి, రెండు లోతుగా. పైన ముందు రెండు పళ్ల కట్టుడు ప్లేటు తీగ విరిగి ఎడమ బుగ్గలో 8 మి.మీ. పుండు చేసింది. ప్లేటు కింద అంగిలి ఎర్రగా ఉంది, ఫంగస్. కుడి కింద బుగ్గ సందులో నిన్నటి అన్నం, సగం కరిగిన మాత్ర, దాని కింద తెల్లగా కాలిన చర్మం. ఆస్పిరిన్ మాత్ర బుగ్గలో నిలిస్తే కాలుస్తుంది. ముద్దతో పాటు మాత్రలూ దాస్తున్నారని దీంతో తెలిసింది, అంటే షుగరు మందులు కూడా సరిగా లోపలికి పోవడం లేదు.

ఎక్స్‌రే ప్రయత్నం ఎక్కువసేపు సాగించలేదు. నోట్లో పెట్టి తీసే డిజిటల్ ఎక్స్‌రే (ఆర్‌వీజీ) సెన్సర్ మందంగా ఉంటుంది, కొరికితే పాడవుతుంది. దవడలన్నీ ఒకేసారి తీసే ఎక్స్‌రే (ఓపీజీ)కి కదలకుండా నిలబడాలి. కదిలే ఒంటి వేరు, చీము రంధ్రం చూశాక ఎక్స్‌రే వల్ల నిర్ణయం మారదు. మారని నిర్ణయం కోసం ఆమె ఓపికని ఖర్చు పెట్టకూడదు.

ఏం చెయ్యాలి, ఏం వదిలెయ్యాలి

పుస్తకం ప్రకారం ఈ నోటికి రెండు రూట్ కెనాల్స్, ఐదు ఫిల్లింగులు, కింద కొత్త కట్టుడు పళ్లు రాయొచ్చు. అవేవీ రాయలేదు. ఈ నోరు ఒక విడతకి ఎనిమిది నుంచి పది నిమిషాలు తెరిచి ఉంటుంది, ఏడాది తర్వాత అంతకూడా తెరవదు. ఆ నిమిషాల్లో పట్టేదే ప్లాన్. నొప్పినీ, ఇన్‌ఫెక్షన్‌నీ ఇప్పుడే తీసెయ్యాలి. ముందు ముందు నొప్పి పెట్టగలిగేవాటిని ఇప్పుడే ఆపాలి. మిగతా పని ఆయా చేతికి అప్పగించాలి.

కొత్త కట్టుడు పళ్లు వద్దన్నాం. వాటితో నమలడానికి నాలుక, బుగ్గలు కొత్త విద్య నేర్చుకోవాలి, ఈ దశలో అది కుదరదు. ఉన్న రెండు పళ్ల ప్లేటు ఇంకా ప్రమాదం. చిన్నది, వదులైంది, మింగితే గొంతులో ఇరుక్కుంటుంది, అక్రిలిక్ ఎక్స్‌రేలో సరిగా కనబడదు కూడా. దాన్ని ఆపెయ్యమన్నప్పుడు కుటుంబం ఒప్పుకోలేదు: వచ్చే నెలలో మనవరాలి పెళ్లి, ఫొటోల్లో ముందు పళ్లు లేకుండా ఎలా అని. న్యాయమైన మాటే. విరిగిన తీగ కత్తిరించి అంచు నునుపు చేసి, రెండో వైపు తీగ బిగించి, మెలకువగా ఉన్నప్పుడు ఒక మనిషి పక్కనే కూర్చుని చూసుకుంటూ ఫొటోల సేపు మాత్రమే పెట్టమన్నాం. తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ పెట్టకూడదు.

అనుమతి విషయం. "ఈ పన్ను పాడైంది, తీసేద్దామా?" అంటే "తీసెయ్యండి" అన్నారు, నిమిషంలో "మీరెవరు?" అన్నారు. విన్నది నిలుపుకుని తూచే శక్తి ఈ నిర్ణయానికి లేదని ఫైల్లో రాసి, భర్తకి వివరించి ఆయన సంతకం తీసుకున్నాం, పిల్లలతో వీడియో కాల్లో మాట్లాడాం. సంతకం ఉంది కదా అని ఆమె ఇష్టం పక్కన పెట్టలేదు. తల తిప్పేసుకుంటే, రెండోసారి చెయ్యి అడ్డం పెడితే ఆ పూట ఆపెయ్యాలని అందరం ముందే అనుకున్నాం. మత్తిచ్చి చెయ్యమని కొడుకు అడిగారు. బెంజోడయాజెపైన్లు అనే మత్తు మందులతో ఈ వయసులో ఉల్టాగా కల్లోలం పెరగొచ్చు, పడిపోవడం, పొలమారడం ఎక్కువవుతాయి. పూర్తి మత్తు తర్వాత కొందరికి వచ్చే డెలీరియం (ఉన్నట్టుండి మతి చెదరడం) ఒక్కోసారి వారాల తరబడి తగ్గదు. ఒక కదిలే వేరు కోసం ఆ దారి అక్కర్లేదు.

పన్ను తీసిన రోజు

క్లినిక్‌లో, ఉదయం మొదటి రోగిగా, టిఫిన్ తిని గ్లిమెపిరైడ్ వేసుకుని వచ్చారు. బీపీ 148/84, షుగరు 162. బీపీ 180/110 దాటితే వాయిదా వెయ్యాలి. పగటి ఆయా పక్కనే ఉన్నారు, ఆమె చేతిలో రోగి చెయ్యి. కుర్చీ 45 డిగ్రీలకి మించి వంచలేదు. అంతకన్నా వంచితే నీళ్లు, రక్తం గొంతులోకి జారి పొలమారతాయి, వంగిన వెన్నుకి నొప్పి కూడా. మెడ కింద చిన్న దిండు పెట్టాం. సక్షన్ మోటారు ముందే ఆన్ చేసి ఉంచాలి, మధ్యలో మొదలయ్యే చప్పుడుకే ఉలిక్కిపడతారు.

చిగురు మొద్దుబారడానికి లిగ్నోకైన్ 5 శాతం ఆయింట్‌మెంట్ దూదితో రెండు నిమిషాలు. స్ప్రే వాడకూడదు, గొంతు మొద్దుబారి మింగడం తప్పుతుంది. మొద్దుబార్చే ఇంజెక్షన్ ఆర్టికైన్ 4 శాతం, అడ్రినలిన్ 1:1,00,000, బుగ్గవైపు 1.5 మి.లీ., నిమిషానికి 1 మి.లీ. కన్నా నెమ్మదిగా. నరం బ్లాక్ ఇవ్వలేదు. దాంతో పెదవీ నాలుకా గంటల తరబడి మొద్దుబారుతాయి, అదేమిటో అర్థంకాక కొరికేసుకుంటారు. అడ్రినలిన్ 1:80,000 కలిసిన లిగ్నోకైన్ వాడేవాళ్లు గుండె రోగికి 3.2 మి.లీ. దాటకూడదు, అప్పటికి అడ్రినలిన్ 0.04 మి.గ్రా. అవుతుంది. సిరంజి గడ్డం కింద నుంచి అందాలి, కళ్ల ముందుకి రాకూడదు.

నోరు తెరిచి ఉంచడానికి రబ్బరు బైట్ బ్లాక్, దానికి పొడుగు దారం కట్టి బయటికి. పళ్ల మధ్య వేలు ఎవరూ పెట్టకూడదు, ఆమె మీద ఎంత నమ్మకమున్నా సరే. వేరు జారి గొంతులో పడకుండా నాలుక వెనకగా విప్పిన గాజ్ గుడ్డ (గాయాలకి వాడే పల్చటి నూలు గుడ్డ) అడ్డం పెట్టాం. వేరు తేలిగ్గానే వచ్చింది. గుంతలో జెలటిన్ స్పాంజి పెట్టి, కరిగే 4-0 విక్రిల్ దారంతో ఎనిమిది ఆకారంలో కుట్టు. కరగని కుట్టు వేస్తే తీయడానికి ఇంకో యుద్ధం.

పన్ను తీశాక "అరగంట దూది కొరికి పట్టుకోండి" అన్న మామూలు మాట ఇక్కడ చెల్లదు. మర్చిపోయి మింగేస్తారు. గాజ్ గుడ్డకి దారం కట్టి, కొస పెదవి బయట బుగ్గకి టేపుతో అంటించి, పక్కన కూర్చుని పదిహేను నిమిషాలు చూసి తీసెయ్యాలి. ఆ గుడ్డని, రక్తం ఆపడానికి వాడే 5 శాతం ట్రానెక్సామిక్ యాసిడ్‌లో తడిపాం. ఇంజెక్షన్ ఆంప్యూల్ 5 మి.లీ.లో 500 మి.గ్రా., అంటే 10 శాతం ఉంటుంది. అంతే సెలైన్ కలిపితే 5 శాతమవుతుంది. రక్తం ఆగింది.

పారాసిటమాల్ 650 మూడు రోజులు టైము ప్రకారం. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ జాతి వద్దు: ఆస్పిరిన్ తోడయితే కడుపులో రక్తం, కిడ్నీల మీద భారం. ట్రమడాల్ కూడా వద్దు, మతి ఇంకా చెదురుతుంది. యాంటీబయోటిక్ ఇవ్వలేదు. చీము దారి చేసుకుని బయటికొస్తోంది, జ్వరం లేదు, వాపు పాకలేదు, కారణమైన వేరు తీసేశాం. ఇవ్వాల్సి వస్తే నీళ్లలో కరిగే అమాక్సిసిలిన్ మాత్రలు మేలు. క్లారిత్రోమైసిన్ లాంటివి డోనెపెజిల్, క్వెటియాపిన్ ఉన్న మనిషికి రాయకూడదు, ఈసీజీలో క్యూటీ అనే విరామం సాగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. అంగిలి ఫంగస్‌కి ఫ్లూకొనజోల్ మాత్ర రాయకపోవడానికీ అదే కారణం. పైగా అది గ్లిమెపిరైడ్ స్థాయి పెంచి షుగరు పడిపోయేలా చేస్తుంది. క్లోట్రిమజోల్ 1 శాతం మౌత్ పెయింట్ రోజుకి మూడుసార్లు రెండు వారాలు పూస్తే సరిపోయింది.

పుచ్చిన వేళ్లకి

తర్వాతి విడత ఇంట్లోనే. ఏడు పళ్ల మీద పాచి గాజ్ గుడ్డతో తుడిచి, గాలి కొట్టకుండా గుడ్డతోనే ఆరబెట్టి, పుచ్చుని ఆపే 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ చిన్న బ్రష్‌తో ఒక్కో చోటా నిమిషం పూశాం. ఒక చుక్క ఐదు పళ్ల దాకా సరిపోతుంది. ప్లాస్టిక్ గిన్నెలోనే పోసుకోవాలి. పెదవులకి వ్యాజిలిన్ రాయాలి. చర్మం మీద పడిన మచ్చ ఒకటి రెండు వారాల్లో పోతుంది, చీర మీద పడితే పోదు. మెడ నుంచి మోకాళ్ల దాకా ప్లాస్టిక్ షీటు కప్పకుండా సీసా మూత తియ్యకూడదు. లోహపు రుచి వల్ల ఉమ్మబోతారు, పైన 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే రుచి మరుగుతుంది.

పుచ్చిన భాగం నల్లగా, గట్టిగా మారుతుంది. ఇది ముందే ఫొటోలు చూపించి చెప్పాలి. తర్వాత చెబితే పళ్లు పాడుచేశారంటారు. ఇక్కడ ఐదు పళ్లు పెదవి చాటునే ఉన్నాయి కాబట్టి అభ్యంతరం రాలేదు. లోతుగా ఉన్న రెండింటిని రెండు వారాల తర్వాత స్పూన్ ఎక్స్‌కవేటర్ (చెంచాలాంటి చేతి పరికరం)తో మెత్తటి భాగం గీకి, చిక్కటి గ్లాస్ అయనోమర్ అనే ఫిల్లింగు పదార్థం నింపాం. డ్రిల్లు లేదు, ఇంజెక్షన్ లేదు. అందులో ఒకటి నెలకే ఊడింది, చిగురు నుంచి తడి తగిలిన చోట అది సరిగా పట్టదు. కింద నల్లగా గట్టిపడిన పన్ను ఉంది కాబట్టి మళ్లీ నింపలేదు.

మన దగ్గర మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదని నిబంధన. పొడి నోట్లో వేళ్ల పుచ్చుకి అది చాలదు. అందుకే మూడు నెలలకోసారి వార్నిష్, ఆరు నెలలకోసారి సిల్వర్ ఫ్లోరైడ్ అని రాసిచ్చాం.

ఆయాకి నేర్పిన పని

పై పని అంతటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టాం, పెట్టాలి కూడా.

మంచం మీద కూర్చోబెట్టి "నోరు తెరవండి" అంటూ బ్రష్ తోస్తున్నారు. అది మాన్పించి వాష్‌బేసిన్ దగ్గరికి నడిపించమన్నాం. పొద్దున్నే కుళాయి దగ్గర నిలబడి ముఖం కడుక్కుని పళ్లు తోముకోవడం, నాలుక బద్దతో గీసుకోవడం చేతులకి తెలిసిన పని, మనసు మర్చిపోయినా చేతులకి గుర్తుంటుంది. కుళాయి తిప్పి, తడి బ్రష్ చేతికిస్తే చాలాసార్లు చెయ్యి దానంతటదే నోటికి వెళ్తుంది. "తోముకుందామా?" అని అడగకూడదు, ఆ ప్రశ్నకి "వద్దు" సులువైన జవాబు. ఒక మాటలో ఒకే పని: "బ్రష్ పట్టుకోండి." ఆగి, "పైకి తీసుకెళ్లండి." చెయ్యి ఆగిపోతే ఆయా తన చేతిని ఆమె చేతి మీద వేసి కొనసాగించాలి.

రాత్రి తోమేది ఆయానే. పిల్లల సైజు మెత్తటి బ్రష్, నురగ రాని పేస్టు మినపగింజంత. నురగ ఎక్కువైతే పుక్కిలించడం రాని మనిషికి పొలమారుతుంది. ఆయా పక్కకి, కొంచెం వెనగ్గా నిలబడి ఎడమ చెయ్యి గడ్డం కింద ఆసరా ఇవ్వాలి. గడ్డం కాస్త కిందికి ఉండాలి, తల వెనక్కి వాలిస్తే నీళ్లు ఊపిరితిత్తుల దారి పడతాయి. పళ్లు మూసి ఉన్నా బయటివైపు అంతా తోమొచ్చు, ముందు అదే చెయ్యాలి. నోరు తెరిచినప్పుడు రెండో బ్రష్ పిడి వెనక పళ్ల మధ్య పెట్టి, మొదటి దాంతో లోపలివైపు. ఆమె చేతిలో కూడా అలాంటిదే ఇంకో బ్రష్ ఉంచితే ఆయా చేతిలోది లాక్కోరు. చివరికి బుగ్గ సందులు తడి బ్రష్‌తో ఊడ్చి, మాత్ర ముక్కలున్నాయేమో చూడాలి. అంతా ఐదు నిమిషాలు.

ఎదురు తిరిగితే ఆపి అరగంట ఆగాలి. అప్పటికీ కాకపోతే మనిషి మారాలి, అదే పని భర్త చేతిలో కొన్నిసార్లు అవుతుంది. రోజుకి రెండుసార్లు పోట్లాడి తోమేకన్నా ఒకసారి సరిగా తోమడం మేలు. క్రిములు చంపే మౌత్‌వాష్ క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం పుక్కిలించలేరు కాబట్టి బ్రష్‌కి రాసి చిగుళ్ల మీద పూస్తారు, కానీ పేస్టు తర్వాత అరగంట ఆగాలి, లేకపోతే పేస్టులోని నురగ పదార్థం దాన్ని పనిచెయ్యనివ్వదు. ఇదీ రెండు వారాలకి మించి వద్దు, పళ్లు గోధుమరంగు ఎక్కుతాయి.

తిండిలో మార్పులు కొన్నే. కొన్ని మాత్రలు తేనెలో, జామ్‌లో నూరి పెడుతున్నారు, పెరుగుకి మార్చాం. ఎస్ఆర్ అని ఉన్న మెట్‌ఫార్మిన్ నూరకూడదు, ఒకేసారి మందంతా విడుదలవుతుంది, అందుకే ఫిజీషియన్ మామూలు రకం రాశారు. గంటకోసారి పాలలో ముంచిన గ్లూకోజ్ బిస్కెట్లని భోజనం వేళలకి పరిమితం చేశాం. నోరు ఎండుతోందని ఎండు ఉసిరి ముక్క, నిమ్మబద్ద పెడుతుంటారు. లాలాజలం లేని నోట్లో ఆ పులుపు వేళ్లని కరిగిస్తుంది. గుక్కెడు గుక్కెడు నీళ్లు, పెదవులకి నెయ్యి చాలు. గుంటూరు ఎండల్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీళ్లు తగ్గితే నోరూ ఎండుతుంది, మతీ చెదురుతుంది.

ఫలితం, వచ్చిన ఇబ్బందులు

వారంలో తినేటప్పటి పెయినాడ్ స్కోరు 6 నుంచి 1కి, బ్రష్ దగ్గర 7 నుంచి 3కి దిగింది. చారన్నం, కూర ముద్దలు మళ్లీ మింగుతున్నారు. రెండు నెలలకి బరువు 50 కిలోలు. న్యూరాలజిస్టు క్వెటియాపిన్‌ని తిరిగి 25కి తగ్గించారు. తీగ కోసిన పుండు పది రోజుల్లో మానింది. కారణం తీసేశాక రెండు వారాలు దాటినా మానని పుండుకి ముక్క పరీక్ష చేయించాలి, డిమెన్షియా ఉందని అది వాయిదా వెయ్యకూడదు.

అనుకున్నట్టు జరగనివీ ఉన్నాయి. మూడో నెలలో పగటి ఆయా మారారు. నేర్పినదంతా ఆమెతో వెళ్లిపోయింది, వారంలో చిగుళ్ల నుంచి రక్తం, బుగ్గలో అన్నం మళ్లీ మొదలు. ఏజెన్సీల ద్వారా వచ్చే ఆయాలు మారడం ఈ ఊళ్లలో మామూలే. అందుకని రాత్రి బ్రష్ చేసే తీరు భర్త ఫోన్లో మూడు నిమిషాల వీడియో తీయించి, కొత్త ఆయా వచ్చిన మొదటి రోజే చూపించేలా పెట్టాం. బేసిన్ పక్కన నాలుగు వాక్యాల కాగితం అంటించారు. పళ్ల మధ్య గార ఇంకా ఉంది, చేతి స్కేలర్‌తో విడతకి రెండు మూడు పళ్లు చొప్పున వార్నిష్ రోజుల్లో తీస్తున్నాం.

రాబోయే దశకి రాసిచ్చినవి

మంచినీళ్లకే పొలమారడం మొదలైతే పేస్టు పూర్తిగా మానేసి తడి బ్రష్ మాత్రమే, పక్కకి తిప్పి పడుకోబెట్టి, గాజ్ గుడ్డతో తుడుస్తూ. జ్వరం, దగ్గు వస్తే ఊపిరితిత్తుల డాక్టరుకి నోటి పరిస్థితి కూడా చెప్పాలి, పాచి పట్టిన నోటి నుంచి జారిన లాలాజలమే న్యుమోనియాకి దారి. నల్లబడిన వేళ్లలో ఏదైనా విరిగి నొప్పి లేకుండా ఉంటే వదిలెయ్యాలి. కదులుతూ మింగే ప్రమాదం ఉంటేనో, చీము కారితేనో తీయాలి. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే కట్టుడు ప్లేటు ఇంట్లోనే ఉంచాలి, బ్రష్ మాత్రం సంచిలో వెళ్లాలి, దాని మీద రాత్రి తొమ్మిదికి అని రాసి. ఈ మధ్యలో ముద్ద దాచుకోవడం, ముఖం తాకనివ్వకపోవడం, చెంప మీద చెయ్యి పెట్టుకోవడం ఏ ఒక్కటి రెండు రోజులు కనిపించినా మూడు నెలల తేదీ కోసం ఆగకుండా ఫోన్ చెయ్యమని కాగితంలో చివరి వాక్యం.